కప్పులేని కారుకు కావలసిన చేతులు

వాల్‌మార్ట్ స్థాపకుడు శామ్ వాల్టన్ 1950లో ఆర్కన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్ కూడలిలో తెరిచిన చిన్న దుకాణం ఇప్పుడు వాల్‌మార్ట్ మ్యూజియంలో భాగం. ఆ మ్యూజియానికి పేరు తెచ్చిన వస్తువుల్లో ఆయన నడిపిన 1979 నాటి ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కు ఒకటి. అమెరికాలోకెల్లా ధనవంతుడైన మనిషి వేటకుక్కల్ని ఎక్కించుకుని పాత ట్రక్కులో తిరిగాడన్న కథ ఈ ఊరి పొదుపుకు స్థలపురాణం లాంటిది. ఆయన పెద్ద కొడుకు, చాలాకాలం వాల్‌మార్ట్‌కు అధ్యక్షుడిగా ఉన్న రాబ్ వాల్టన్, పాత రేసు కార్లను సేకరించడమే కాక వాటిని ట్రాక్ మీద నడిపే మనిషి. కారు అంటే పనిముట్టు అనే తండ్రీ, కారు అంటే మోజు అనే కొడుకూ ఒకే ఇంట్లోంచి వచ్చారు.

ఈ ఇద్దరి మధ్యలో ఎక్కడో ఉంటుంది జీతగాడి ప్రశ్న. వాల్‌మార్ట్ సాఫ్ట్‌వేర్ విభాగాల్లో, దానికి సరుకు పంపే కంపెనీల కార్యాలయాల్లో పనిచేసే తెలుగు కుటుంబాలు బెంటన్‌విల్, రోజర్స్, సెంటర్టన్ పరిసరాల్లో చాలానే ఉన్నాయి. ఆఫీసుకో జపాన్ కారు, పిల్లల్ని దింపడానికి మరొకటి, గ్యారేజీలో ఇంకొంత ఖాళీ జాగా. ఆ జాగాలో ఒక పాత ఆల్ఫా రోమియో స్పైడర్‌నో, ఫియట్ 124 స్పైడర్‌నో తెచ్చి పెట్టుకుంటే? ఈ మాట ఎత్తగానే రెండు రకాల సలహాలు వస్తాయి. ఇటలీ బండ్లు ఎప్పుడూ షెడ్డులోనే ఉంటాయి, జోలికి పోవద్దన్నది ఒకటి. ఒక్కసారి టాపు దించి కొండదారిలో నడిపితే తెలుస్తుంది, కొనేయమన్నది రెండోది. రెండూ కారును మాత్రమే చూసి చెప్పే మాటలు. ఒక యంత్రం నిలుస్తుందా నిలవదా అన్నది దాని ఇనుములో ఎంత ఉందో, దాని చుట్టూ ఉన్న చేతుల్లోనూ అంతే ఉంది. అలా చూస్తే ఈ ప్రశ్నకు వేరే జవాబు దొరుకుతుంది.

అమెరికా కోసం పుట్టిన ఇటలీ కార్లు

ఇటలీ స్పోర్ట్స్ కారు అనగానే ఇటలీ కొండదారులు తలపుకొస్తాయి గానీ, కప్పులేని ఈ కార్లలో చాలా వాటికి ప్రాణం పోసింది అమెరికా కొనుగోలుదారు. 1950ల్లో న్యూయార్క్‌లో ఐరోపా కార్లు దిగుమతి చేసే మాక్స్ హాఫ్‌మన్ అమెరికాకు తెరిచిన కారే కావాలని ఆల్ఫా రోమియోను వెంటబడి అడిగాడు. 1955లో వచ్చిన జులియెట్టా స్పైడర్ ఆ ఒత్తిడి ఫలితం. అదే రోజుల్లో లాంచియా కంపెనీ 240 మాత్రమే తయారుచేసిన ఔరేలియా బి24 స్పైడర్‌కు అమెరికా పేరే తగిలించింది.

సామాన్యుడికి అందే రెండు కార్లూ 1966లో పుట్టాయి. ఆ మార్చిలో జెనీవా ప్రదర్శనలో ఆల్ఫా రోమియో 1600 స్పైడర్ కనిపించింది. జనం దాన్ని డ్యుయెట్టో అంటారు. పినిన్‌ఫరీనా సంస్థను స్థాపించిన బాతిస్తా కన్నుమూయడానికి కొద్ది వారాల ముందు వెలుగు చూసిన కారు అది. మరుసటి ఏడు ది గ్రాడ్యుయేట్ సినిమాలో డస్టిన్ హాఫ్‌మన్ ఎర్ర డ్యుయెట్టోలో తిరిగాక దాని దశ తిరిగింది. ఎంతగానంటే, 1980ల్లో ఆ కంపెనీ అమెరికాలో గ్రాడ్యుయేట్ అన్న పేరుతోనే ఒక రకం స్పైడర్ అమ్ముకుంది. అదే 1966 నవంబరులో టూరిన్ ప్రదర్శనలో ఫియట్ 124 స్పోర్ట్ స్పైడర్ వచ్చింది. దాని ఒంటిని గీసిన టామ్ చార్డా పినిన్‌ఫరీనాలో పనిచేస్తున్న అమెరికన్, డెట్రాయిట్‌లో పుట్టినవాడు. ఇంజనుకు రూపమిచ్చిన ఔరేలియో లాంప్రేది అంతకుముందు ఫెరారీలో పెద్ద పన్నెండు సిలిండర్ల ఇంజన్లు కట్టిన మనిషి.

ఆల్ఫా స్పైడర్ మార్పులు చేర్పులతో 1993 దాకా తయారైంది, మొత్తం లక్షా ఇరవై నాలుగు వేల దాకా. ఫియట్ 124 స్పైడర్ 1985 వరకు దాదాపు రెండు లక్షలు తయారైతే, అందులో అత్యధిక భాగం అమెరికాకే చేరింది. అందుకే ఇవి ఇవాళ ఇటలీలో కంటే అమెరికాలో తేలిగ్గా దొరుకుతాయి. బెంటన్‌విల్‌లో ఉండి వీటి గురించి ఆలోచించడం వింత కోరికేమీ కాదు. కార్లు ఉన్నది ఈ దేశంలోనే.

వీటి మీద మరో అంతస్తు ఉంది, కానీ అది వేరే లోకం. ఫెరారీ 275 జీటీబీ పునాది మీద పదంటే పదే కట్టిన నార్ట్ స్పైడర్లలో ఒకటి 2013లో మాంటెరే వేలంలో 2.75 కోట్ల డాలర్లకు పోయింది. అవి కార్ల రూపంలో ఉన్న ఆస్తులు. ఆ రెండు అంతస్తులకూ మధ్య నలిగేవి 1980ల ఫెరారీ మాండియల్ కాబ్రియోలే, మసెరాటీ బైటర్బో స్పైడర్ లాంటివి. కొనేటప్పుడు చౌక, పెంచేటప్పుడు ఏనుగు. ఫెరారీకి కొన్నేళ్ళకోసారి తప్పనిసరిగా చేయించవలసిన బెల్టుల పని ఒక్కటే మామూలు కారు ఏళ్ళ తరబడి సర్వీసు ఖర్చును మింగేస్తుంది. పాత ఫెరారీ చౌకగా దొరికిందంటే, ఎవరో చేయించకుండా వదిలేసిన పనుల బిల్లు దానితోపాటే వస్తుందని అర్థం. కాబట్టి ఇక్కడి చర్చ ఆల్ఫా, ఫియట్ స్పైడర్ల గురించే.

ఒకే ఫియట్, రెండు పేర్లు

అమెరికాలో ఫియట్ పేరులోని నాలుగు ఇంగ్లీషు అక్షరాలను విడదీసి, మళ్ళీ బాగుచెయ్యి టోనీ అని అర్థం వచ్చే వెక్కిరింపు ఒకటి కట్టారు. అది ఆ కంపెనీని జీవితకాలం వెంటాడింది. అదే కంపెనీ పేరు మన దగ్గర వింటే నలభై దాటిన వాళ్ళకు ఎదురుగా వచ్చేది నమ్మకం. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసిన ఫియట్ 1100, 1970ల మధ్యలో పద్మిని పేరు పెట్టుకుని 2000 దాటేదాకా ఫ్యాక్టరీ నుంచి వస్తూనే ఉంది. బొంబాయి రోడ్ల మీద ఆఖరి పద్మిని టాక్సీకి గడువు తీరింది 2023 అక్టోబరులో. హైదరాబాదు, విజయవాడ, మద్రాసుల్లో డాక్టర్లు, లాయర్లు, సినిమావాళ్ళు దశాబ్దాల తరబడి వాటిలోనే తిరిగారు.

చుట్టరికం ఇంకా దగ్గరిది. 1985లో ప్రీమియర్ తెచ్చిన 118 ఎన్ఈ, ఫియట్ 124 సెడాన్ ఒంటికి నిస్సాన్ ఇంజను బిగించిన కారు. 1970 నుంచి సోవియట్ రష్యాలో తోల్యాత్తిలో తయారైన లాడాకు మూలమూ అదే సెడాన్. ఆ సెడాన్ అడుగును కురచ చేసి, పైన పినిన్‌ఫరీనా ఒళ్ళు తొడిగితే 124 స్పైడర్. అంటే మన వీధుల్లో బాడుగకు తిరిగిన పెట్టెలాంటి కారూ, కాలిఫోర్నియా తీరంలో టాపు దించుకుని తిరిగిన సోకు కారూ ఒకే ఫియట్ ఇంట్లోవే. ఒకదానికి గట్టి పిండమన్న పేరు, ఇంకొకదానికి రోగిష్టిదన్న పేరు ఎందుకొచ్చాయి?

ఇంజన్లు వేరు, నిజమే. పద్మినిలోది 1950ల నాటి సాదా ఇంజను, స్పైడర్‌లోది తల మీద రెండు కామ్ షాఫ్టులతో, పంటి బెల్టుతో తిరిగే నాజూకైనది. మన రోడ్ల మీద మంచు లేదు, మంచు కరిగించే ఉప్పూ లేదు. అసలు తేడా మాత్రం మరోచోట ఉంది. మన దేశంలో ఒకే మోడలు దాదాపు మారకుండా నాలుగు దశాబ్దాలు నడిచింది. ప్రతి ఊళ్ళో ప్రతి మెకానిక్కూ పిల్లవాడిగా షెడ్డులో చేరిన రోజు నుంచి అదే కారు విప్పి బిగించాడు. విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాదు రాణీగంజ్‌లో దొరకని పార్టు ఉండేది కాదు, దొరక్కపోతే లేతు మిషను మీద తయారయ్యేది. కొత్త కారు కొనడం గగనం కాబట్టి ఉన్నదాన్ని బాగుచేయించుకోవడమే దారి.

అమెరికాలో సరిగ్గా తలకిందులు. స్పైడర్ ఇంట్లో రెండో కారు, వేసవి బండి. ఫియట్ 1980ల తొలినాళ్ళలో, ఆల్ఫా 1995లో ఈ దేశం విడిచి వెళ్ళాక డీలర్లు మాయమయ్యారు. ధర పడిపోయింది. రిపేరు ఖర్చు కారు ధరను దాటిన రోజున ఏ కారుకైనా చావు మొదలైనట్టే. అలా పడిపోయిన కార్లు కాలేజీ కుర్రాళ్ళ చేతుల్లోకి వెళ్ళాయి. వాళ్ళు బెల్టు మార్చలేదు, అది తెగింది, వాల్వులు వంగాయి, ఇటలీ బండి పాడైపోయిందన్న పేరు మిగిలింది. రెండు దేశాల్లోనూ తీర్పు చెప్పింది కారు మీదే, కానీ విచారణలో నిలబడింది చుట్టూ ఉన్న ఏర్పాటు.

ఏవి పాడవుతాయి, ఎందుకు

ఈ కార్లకు మొదటి శత్రువు ఇంజను కాదు, తుప్పు. వీటికి విడిగా చాసిస్ ఉండదు, ఒళ్ళే అస్థిపంజరం. కప్పు ఉన్న కారులో బరువును కప్పు కూడా పంచుకుంటుంది. కప్పు లేనప్పుడు ఆ భారమంతా తలుపుల కింద రెండు పక్కలా పోయే ఉక్కు పెట్టెల మీద పడుతుంది. ఆ పెట్టెలు లోపల్నుంచి తినేస్తే కారు నడుము విరిగినట్టే. జాకీ ఎత్తినప్పుడు తలుపుకీ ఒంటికీ మధ్య సందు మారుతోందంటే అక్కడితో బేరం ముగించడం మేలు. ఆల్ఫాలో టాపు మీద పడిన వాన నీరు సన్నని గొట్టాల గుండా బయటికి పోవాలి. అవి ఆకులతో పూడుకుంటే ఆ నీరంతా సీట్ల కిందికీ, ఆ పెట్టెల్లోకీ చేరుతుంది. డిక్కీలో స్టెప్నీ ఉండే గుంట ఎత్తి చూడాలి. ఫియట్‌లో ముందు షాక్ అబ్సార్బర్ల పైకొనలు బిగించిన చోటు చూడాలి. అక్కడ తుప్పు పడితే చక్రమే నిలవదు. అయస్కాంతం పట్టుకు తిరిగితే ఎక్కడ ఉక్కు ఉందో, ఎక్కడ పుట్టీ పూసి రంగు కొట్టారో అదే చెబుతుంది. ఇంజను బోరు చేయించడానికి లెక్క ఉంటుంది గానీ, తుప్పు కోసి అతికించే పనికి అంతు ఉండదు. ఎండ రాష్ట్రంలో బతికి డాష్‌బోర్డు పగిలిన కారు, ఉత్తరాదిన ఉప్పు రోడ్ల మీద తిరిగి మెరుస్తున్న కారు కంటే మంచిదని ఆరితేరినవాళ్ళు చెప్పేది అందుకే.

రెండోది రబ్బరు. బ్రేకు గొట్టాలు బయటికి బాగానే కనిపిస్తూ లోపల ఉబ్బి, తొక్కిన బ్రేకును వదలనివ్వవు. గేర్‌బాక్సుకూ వెనక షాఫ్టుకూ మధ్య రబ్బరు కప్లింగ్ పగుళ్ళిస్తే అడుగున ధడధడ మొదలవుతుంది, తెగితే చుట్టుపక్కల వాటినీ చీల్చేస్తుంది. టైర్ల అరుగుదల ఒక్కటే చూస్తే చాలదు, వయసు చూడాలి. అంచు మీద ముద్రించిన చివరి నాలుగంకెలు తయారైన వారాన్ని, ఏడాదిని చెబుతాయి. సంవత్సరానికి వెయ్యి మైళ్ళు కూడా తిరగని కారు టైర్లు అరగవు, ఎండిపోతాయి.

మూడోది ఇంజను. ఆల్ఫా ఇంజను అల్యూమినియం, టైమింగుకు గొలుసు ఉంటుంది కాబట్టి బెల్టు భయం లేదు. దాని బలహీనత హెడ్ గాస్కెట్. అందులో ఆయిలు దారికి ఉండే చిన్న రబ్బరు రింగులు గట్టిపడిపోతే ఆయిలు కారడం, కూలెంట్లో కలవడం మొదలవుతుంది. వేడెక్కక ముందే ఇంజను గట్టిగా లాగించేవాళ్ళు దీన్ని త్వరగా కొనితెచ్చుకుంటారు. గేర్లలో రెండోది త్వరగా అరుగుతుంది, చలి ఉదయం కిర్రుమంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. పెద్ద పనైతే వాల్వుల సందు సరిచేయడమే, దానికి కామ్ షాఫ్టులే తీయాలి. ఫియట్‌లో అదే పని పైనుంచే అవుతుంది. బదులుగా ఫియట్ అడిగేది ఒక్కటే, టైమింగ్ బెల్టు, దాన్ని బిగించే కప్పీ. మైళ్ళు తిరిగినా తిరగకపోయినా కొన్నేళ్ళకోసారి మార్చాలి. వందల డాలర్ల ఈ పని మానుకుని వేల డాలర్ల ఇంజను పోగొట్టుకున్నవాళ్ళే ఆ వెక్కిరింపు మాటను దేశమంతా మోశారు.

ఇంధనం సంగతిలో సంవత్సరం చూసి కొనాలి. 1969 నుంచి 1981 వరకు అమెరికాకు వచ్చిన ఆల్ఫాల్లో స్పీకా అనే మెకానికల్ ఇంజెక్షన్ పంపు ఉంటుంది. డీజిల్ పంపుల వంశానికి చెందిన ఈ సాధనం తెలియనివాడికి బ్రహ్మపదార్థం. చాలామంది దాన్ని పీకేసి వెబర్ కార్బ్యురేటర్లు పెట్టుకున్నారు. సరిగ్గా అమర్చి, దాని ఆయిలు ఫిల్టరు వేళకు మార్చితే అది చక్కగా పనిచేస్తుందని ఇప్పుడు అనుభవజ్ఞులు ఒప్పుకుంటున్నారు. అసలు పంపుతో ఉన్న కారుకు విలువ కూడా పెరుగుతోంది. 1982 నుంచి వచ్చిన బాష్ ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ కార్లు ఆ కాలపు జర్మన్ కార్లకు అలవాటుపడిన ఏ మెకానిక్కైనా చూడగలడు. బెంటన్‌విల్ లాంటి చోట ఈ తేడా చాలా పెద్దది.

కరెంటు రోగాలకు ఇటలీని తిట్టేముందు ఫ్యూజు పెట్టె తుడవాలి. ఒంటికి బిగించిన ఎర్తు తీగల మొదళ్ళు గీకి, పింగాణీ ఫ్యూజులు తిప్పి కూర్చోబెడితే సగం లైట్లు వాటంతటవే వెలుగుతాయి. ఈ జాబితా అంతటికీ ఉమ్మడి కారణం ఒక్కటే, కదలకుండా నిలబెట్టడం. నిలబడిన కారులో గాస్కెట్లు ఎండుతాయి, బ్రేకు ద్రవం తేమను పీల్చుకుంటుంది, పెట్రోలు జిగురవుతుంది. బాగా పెంచిన స్పైడర్‌కు వారానికోసారి అరగంట వేడెక్కే ప్రయాణమే మంచి సర్వీసు.

ఒజార్క్ కొండల్లో ఎలా ఉంటుంది

దారుల కోసమైతే బెంటన్‌విల్ చుట్టూ ఉన్న ఒజార్క్ కొండల కంటే మంచి చోటు దొరకదు. బెంటన్‌విల్ నుంచి బీవర్ లేక్ వెంట యురేకా స్ప్రింగ్స్ వైపు పోయే రోడ్లు, దక్షిణాన పాత 71వ నంబరు రహదారి, దానికి తూర్పున పిగ్ ట్రైల్ అని పిలిచే 23వ రాష్ట్ర రహదారి, అన్నీ వెయ్యి కిలోల బరువున్న చిన్న కారుకు కుదిరిన మలుపులే. ఐ-49 హైవే మీద ఈ కారుకు ఆనందం లేదు, చుట్టూ పికప్ ట్రక్కుల గోడలే. రాష్ట్రంలో పాత కార్లంటే గౌరవం ఉందనడానికి పెటిట్ జీన్ కొండ మీది ఆటోమొబైల్ మ్యూజియం సాక్ష్యం. తర్వాత గవర్నరైన విన్‌త్రాప్ రాక్‌ఫెల్లర్ 1964లో దాన్ని తెరిచాడు. 1920ల ప్రాంతంలో లిటిల్ రాక్‌లోనే తయారైన క్లైంబర్ కారు అక్కడ చూడొచ్చు.

వాతావరణం మధ్యస్తం. శీతాకాలం మిషిగన్ అంత పొడవు కాదు గానీ మంచుగడ్డ వాన పడితే రోడ్ల మీద ఉప్పు పడుతుంది. ఒక మంచి వాన ఆ ఉప్పును కడిగేదాకా స్పైడర్‌ను బయటికి తీయకపోవడమే నియమం. వేసవిలో ముప్పై రెండు, ముప్పై మూడు డిగ్రీల ఎండలో సిగ్నళ్ళ దగ్గర ఆగి ఆగి వెళ్ళే కారుకు రేడియేటరు శుభ్రంగా ఉండాలి. వసంతంలో వడగళ్ళు గుడ్డ టాపును తూట్లు పొడుస్తాయి. 2024 మే చివర్లో బెంటన్ కౌంటీ మీదుగా పోయిన టోర్నడోలు ఎన్నో ఇళ్ళ కప్పుల్ని లేపేశాయి. అంటే గ్యారేజీ లేనివాళ్ళు, కారును వాకిట్లో కవరు కప్పి ఉంచుదామనుకునేవాళ్ళు ఈ ఆలోచనే మానుకోవాలి. బంకుల్లో దొరికే మామూలు పెట్రోలులో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది పాత రబ్బరు గొట్టాలను తినేస్తుంది, ట్యాంకులో నీరు చేరుస్తుంది. పడవల వాళ్ళ కోసం సరస్సుల దగ్గర అమ్మే ఇథనాల్ లేని పెట్రోలు వాడటం, శీతాకాలానికి ముందు ట్యాంకు నిండా పోసి స్టెబిలైజరు కలపడం ఇక్కడి వాళ్ళు నేర్చుకున్న ఉపాయాలు.

ప్రభుత్వం వైపు నుంచి ఇబ్బంది తక్కువ. ఆర్కన్సాలో ఏటేటా వాహన తనిఖీ లేదు, పొగ పరీక్ష లేదు. పాత కార్లకు వయసు, వాడకం షరతులతో ప్రత్యేక ప్లేటు ఉంది. కారు కూడా ఆస్తే కాబట్టి మే 31 లోపు కౌంటీ అసెసర్‌కు లెక్క చూపి, అక్టోబరు 15 లోపు పన్ను కట్టాలి. ఇవన్నీ హాయిగానే ఉన్నాయి గానీ, తనిఖీ లేకపోవడం సంబరపడే విషయం కాదు. బ్రేకులు పనిచేస్తున్నాయో లేదో చూసే బాధ్యత యజమానికి తప్ప ఎవరికీ లేదని దాని అర్థం.

ఇక అసలు కొరత, చేతులు. పార్టులకు లోటు లేదు. ఇంగ్లండు నుంచి, ఇటలీ నుంచి, ఈ దేశంలోని ప్రత్యేక దుకాణాల నుంచి గాస్కెట్లు, ప్యానెళ్ళు, టాపు గుడ్డ వరకు పోస్టులో వస్తాయి. డబ్బా ఇంటికొచ్చాక ఎవరు బిగిస్తారన్నదే సమస్య. ఈ ఊరు తనను తాను ప్రపంచ పర్వత సైక్లింగ్ రాజధానిగా చాటుకుంది, సైకిలు గేరు సరిచేసే నిపుణులు అడుగడుగునా దొరుకుతారు. ట్రక్కులు, పెద్ద ఎస్‌యూవీలు చూసే షెడ్లకూ కొదవలేదు. రెండు కామ్ షాఫ్టుల ఇటలీ ఇంజను మీద చెయ్యి తిరిగిన మనిషి కోసం రెండు గంటల దూరంలోని టల్సాకో, ఇంకా ఎక్కువ దూరంలోని కాన్సస్ సిటీ, డాలస్‌లకో చూడాలి. అలాంటి చేతులు అంతరిస్తున్నాయని అమెరికాకూ తెలుసు. కాన్సస్‌లోని మెక్‌ఫర్సన్ కాలేజీ పాత కార్ల పునరుద్ధరణలో నాలుగేళ్ళ డిగ్రీ ఇస్తోంది. మన ఆటోనగర్‌లో పన్నెండేళ్ళ కుర్రాడు పానాలు అందిస్తూ నేర్చుకున్నదాన్ని ఇక్కడ కాలేజీ పెట్టి కాపాడుకోవలసి వస్తోంది. ఆ కుర్రాడి బాల్యం పోయిన తీరును ఎవరూ పొగడనక్కర్లేదు. కానీ అతని చేతిలోని విద్యకు ఇక్కడ గంటకు వంద డాలర్లు దాటిన ధర ఉంది.

లెక్కలు, అభ్యంతరాలు

1980ల ఆల్ఫా స్పైడర్, ఫియట్ 124 స్పైడర్ నడిచే స్థితిలో స్థూలంగా పది నుంచి ఇరవై వేల డాలర్ల మధ్య దొరుకుతాయి. 1960ల డ్యుయెట్టో ఆ ధరకు అందదు. బీమా విచిత్రంగా చౌక. విలువ ముందే ఒప్పుకుని రాసే పాత కార్ల పాలసీలు ఉన్నాయి, వాటికి గ్యారేజీ, రోజువారీ వాడకానికి వేరే కారు, తక్కువ మైళ్ళు షరతులు. ఖర్చంతా కూలిలో ఉంది. గంటకు వంద దాటిన కూలితో పూర్తి పునరుద్ధరణ చేయిస్తే కారు విలువ కంటే బిల్లు ఎక్కువవడం మినహాయింపు కాదు, మామూలు. అందుకే ఈ తరగతి కార్లను పెట్టుబడి అనుకోవడం పొరపాటు. చౌకగా వచ్చిన పాడుబడ్డ కారును బాగుచేయించడం కన్నా, ఇంకొకరు డబ్బు పోసి బాగుచేయించి విసిగి అమ్ముతున్న కారు కొనడమే నిజమైన పొదుపు. శామ్ వాల్టన్ బతికుంటే ఆ లెక్క వెంటనే పట్టేవాడు.

అభ్యంతరాల్లో భద్రత మొదటిది, దానికి సమాధానం లేదు. చాలా వాటిలో ఎయిర్‌బ్యాగులు లేవు, పిల్లల సీటు బిగించే కొక్కేలు లేవు, ఫియట్ వెనక సీటు పేరుకే సీటు. రెండు టన్నులు దాటిన పికప్ గుద్దితే ఈ కారు గెలవదు. దీన్ని పిల్లల బండిగా, ఆఫీసు బండిగా ఊహించుకోవడం తప్పు. ఆదివారం ఉదయం ఖాళీ రోడ్ల మీద పెద్దవాళ్ళిద్దరు వెళ్ళే కారు ఇది.

రెండో అభ్యంతరం మన వాళ్ళకు ప్రత్యేకం. హెచ్-1బీ మీద ఉన్న ఉద్యోగికి కొలువు పోతే మరో దారి చూసుకోవడానికి గరిష్ఠంగా అరవై రోజుల వెసులుబాటు. ఇల్లు, రోజువారీ కారు ఎలాగో అమ్ముడవుతాయి. పాత స్పైడర్‌కు సరైన కొనుగోలుదారు దొరకడానికి ఒక వేసవి పట్టొచ్చు. వెంట తీసుకుపోదామంటే భారతదేశంలో దిగుమతి నిబంధనలు, సుంకాలు కఠినం. 2021లో కేంద్రం యాభై ఏళ్ళు దాటిన వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది, ఇరవై వేల రూపాయల రుసుముతో వీఏ అక్షరాల నంబరు ఇస్తారు. అది అంత వయసున్న బండ్లకు మేలు గానీ, ఆర్కన్సా నుంచి 1980ల స్పైడర్‌ను మోసుకెళ్ళే వాడికి తలుపు తెరిచినట్టు కాదు. గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగమనడం పిరికితనం కాదు, లెక్క.

మూడో అభ్యంతరం, జపాన్ ఇదే ఆనందాన్ని జబ్బుల్లేకుండా ఇస్తోంది కదా అన్నది. 1989లో వచ్చిన మాజ్డా మియాటా ఆ పని చేసి చూపించింది. అంతకంటే విచిత్రం, ఫియట్ 2016లో మళ్ళీ తెచ్చిన 124 స్పైడర్ మాజ్డా హిరోషిమా ఫ్యాక్టరీలోనే, మియాటా అడుగు మీద, ఫియట్ టర్బో ఇంజనుతో తయారైంది. 2020 వరకు అమ్మారు. గాలి, మలుపులు, ఇటలీ ముఖం మాత్రమే కావాలి, చేతికి మసి అంటకూడదు అనుకునేవాళ్ళకు ఇదే సరైన కారు. ఇది రెండో రకం కొనుగోలు అని చిన్నబుచ్చనక్కర్లేదు. పాత కారు కొని బాగుచేయించలేక గ్యారేజీలో తుప్పు పట్టించేవాడి కంటే కొత్త 124ను రోజూ నడిపేవాడే ఆ కారుకు ఎక్కువ గౌరవం ఇచ్చినట్టు.

తేల్చవలసింది

ఇటలీ కార్లు సున్నితమన్న మాట సగమే నిజం. అవి అడిగేది అసాధారణమైనది కాదు. వేళకు బెల్టు, వేళకు ద్రవాలు, పొడి గ్యారేజీ, వారానికోసారి ప్రయాణం. అవి చేసే మనిషి చుట్టుపక్కల ఉన్నచోట అవి నాలుగు దశాబ్దాలు టాక్సీలుగా నడిచాయి. లేనిచోట పదేళ్ళకే తుక్కు దుకాణానికి చేరాయి. బెంటన్‌విల్‌లో రోడ్డుంది, గ్యారేజీ ఉంది, జీతముంది, పార్టుల డబ్బా తెచ్చే పోస్టు ఉంది. మెకానిక్ లేడు. కాబట్టి ఇక్కడ ఈ కారు కొనడమంటే సగం మెకానిక్ కావడానికి ఒప్పుకోవడమే. బ్రేకు గొట్టాలు, ఎర్తులు, ఆయిలు, కప్లింగ్, కార్బ్యురేటరు లాంటివి సొంతంగా చేసుకోవాలి. బెల్టు, హెడ్ గాస్కెట్, గేర్‌బాక్సు టల్సా వరకు ట్రక్కు మీద పంపాలి.

ఆ ఒప్పందానికి సిద్ధమైనవాళ్ళు 1982 తర్వాతి బాష్ ఇంజెక్షన్ ఆల్ఫా స్పైడర్‌తో మొదలుపెట్టడం మంచిది. పొడి రాష్ట్రం నుంచి, బిల్లుల కట్టతో, అడుగు తుప్పు లేనిది చూసుకోవాలి. రంగు ఎలా ఉన్నా పర్వాలేదు. ఫియట్ నచ్చితే కొన్న వారంలోనే బెల్టు మార్చించాలి, పాత యజమాని ఇటీవలే మార్చానని ప్రమాణం చేసినా సరే. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకు ఈ పని కొత్తదేమీ కాదు. ఎవరో రాసి వెళ్ళిపోయిన పాత కోడును పగలగొట్టకుండా నడిపించడం వాళ్ళ రోజువారీ ఉద్యోగమే. కాకపోతే ఇక్కడ తప్పు చేస్తే వెనక్కి తిప్పే మీట ఉండదు, విరిగిన బోల్టు ఉంటుంది. ఇంతవరకూ చదివి, ఆ బోల్టు గురించి విసుగు కాక కుతూహలం కలిగినవాళ్ళు కారు కొనవచ్చు. మిగిలినవాళ్ళు హిరోషిమా స్పైడర్ కొనుక్కుని అదే పిగ్ ట్రైల్ మీద అంతే ఆనందంగా తిరగవచ్చు.